రేకు పెట్టెలో నేల క్లాసు

నేను ఒక రేకు పెట్టెను. గౌరవంగా పిలిచేవాళ్లు బాక్సు అన్నారు, మోసేవాళ్లు డబ్బా అన్నారు. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా సొంత డబ్బా అని మీరంటే నాకేం కోపం రాదు. డబ్బా డబ్బా కొట్టుకోక సన్నాయి ఊదుకుంటుందా?

ఈ మాటలు చెబుతుండగానే నా కడుపులో కొన్ని వందల ప్రాణులు మెల్లగా పొర్లుతున్నాయి. బీరకాయ తొక్కల కింద, తడిసిన కాగితాల మధ్య, ఒకదాని మీంచి ఒకటి జారుకుంటూ. చెవి ఆనించి వింటే సన్నజల్లు పడుతున్నట్టే ఉంటుంది. బయట రోహిణి కార్తె ఎండ రోళ్లు పగలగొట్టినా నా లోపల మాత్రం ఎప్పుడూ వానే. వీటికి వానపాములని పేరు పెట్టిన మహానుభావుడెవరో ఈ చప్పుడు వినే పెట్టుంటాడు. మా గోదావరి వైపు వీటిని ఎర్రలంటారు. జెండాలు పట్టుకునే ఎర్రలు కాదండోయ్. అయినా ఇవీ శ్రమజీవులే, ఇవీ అట్టడుగు వర్గమే. వీటికంటే అడుగున ఇంకెవరూ లేరు.

నేను పుట్టింది బెజవాడ గాంధీనగరంలో, ఒక ఇరుకు సందులో. మస్తాను అనే రేకుల పనివాడు నన్ను కొట్టాడు. మీకు పుట్టాక దెబ్బలు, నాకు దెబ్బలయ్యాక పుట్టుక. నాతోపాటు అదే రేకులోంచి ఇంకో పెట్టె పుట్టింది. దాని మీద గులాబీలు వేశాడు, నా మీద నల్లరంగుతో ఏదో సినిమా కంపెనీ పేరు రాశాడు. అది ఒక పెళ్లికూతురి చీరలు మోసుకుంటూ అత్తారింటికి వెళ్లింది. నేను సినిమా రీళ్లు మోసుకుంటూ ఊళ్ల మీద పడ్డాను. ఇద్దరం మోసింది కలలే. కాకపోతే నావి రోజుకి నాలుగాటలు. దానిది జీవితమంతా ఒకటే ఆట, అదీ ఇంటర్వెల్ లేకుండా.

ఆ రోజుల్లో నేను బస్సు టాపు మీద కూర్చుని ఊళ్లోకి వస్తుంటే స్టాండులో జనం మెడలు సాచి చూసేవారు. "పెట్టొచ్చిందా? పెట్టొచ్చిందా?" అదే గోల. వచ్చింది మనిషైతే ఇంతలా అడగరు. దండలు వేశారు, హారతులిచ్చారు, కొబ్బరికాయలు నా నెత్తి మీదే కొట్టారు. ఈ కుడి మూలనున్న సొట్ట అలాంటి భక్తి తాలూకు గుర్తే. లోపలున్న బొమ్మ మూడో రోజుకే చాప చుట్టేస్తే అదే జనం నన్ను కాలితో తన్నిన సందర్భాలూ ఉన్నాయి. మంచి బొమ్మలు మోశాను. చెత్త బొమ్మలు అంతకు మూడింతలు మోశాను. అందుకే నా ఇప్పటి ఉద్యోగం చూసి జాలిపడకండి. చెత్త మోయడం నాకు కొత్త కాదు. మోసిన చెత్త బంగారం కావడమే కొత్త.

తర్వాత సినిమా ఆకాశంలోంచి దిగడం మొదలుపెట్టింది. హాలు మేడ మీద ఒక పళ్లెం బోర్లిస్తే చాలు, బొమ్మ దానంతటదే వచ్చి పడేది. ఇంక పెట్టెలతో పనేముంది? రీళ్లు పోయి రీల్సు వచ్చాయి. అప్పటికి నేను మండపేటలో శ్రీ సత్యరమా టాకీసు ప్రొజెక్టరు గదిలో ఒక మూల ఉన్నాను. నన్ను వెనక్కి తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆ విధంగా నా ఆట కట్టింది. మరి కొన్నాళ్లకి హాలుకీ ఆట కట్టింది, కల్యాణ మంటపం అయింది. ఇప్పుడక్కడ బొమ్మ పడదు, తలంబ్రాలు పడతాయి.

గది ఖాళీ చేసిన రోజు ఆపరేటర్ భీమేశ్వర్రావుగారు నన్ను సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. పేరులో భీముడున్నాడు గానీ మనిషి ఫిల్ము ముక్కంత పల్చన. వెలుతురుకి అడ్డంగా నిలబడితే అవతలి గోడ మీద నీడకి బదులు బొమ్మ పడుతుందేమో అనిపిస్తుంది. ఆయన భార్య మాణిక్యాంబగారు. ద్రాక్షారామం గుళ్లో అయ్యవారి పేరు భీమేశ్వరుడు, అమ్మవారి పేరు మాణిక్యాంబ. వీళ్ల పెళ్లికి జాతకాలు కలవలేదట, పేర్లు కలిశాయని చేసేశారు. కాకపోతే ఆ గుళ్లో దంపతులు ఏళ్ల తరబడి ఒకే ఆవరణలో ఉన్నారు. ఈ దంపతులు ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద ఉండి కూడా ఒకరినొకరు సరిగ్గా చూసుకున్నది లేదు. మ్యాట్నీకి వెళ్లిన మనిషి రెండో ఆట వదిలాక వచ్చేవాడు. ఆవిడ సినిమాకి వెళ్లినా ఆవిడ కింద బెంచీ మీద, ఆయన పైన గదిలో. మధ్యలో ఒక వెలుతురు పట్టీ.

హాలు మూసేశాక ఆయన ఇంట్లోనే ఉంటున్నారు గానీ ఇంటికి వచ్చినట్టు లేదు. వీధిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తారు. తక్కిన సమయం నోరు మెదపరు. మూకీ సినిమాకైనా మధ్యమధ్య మాటలు రాసిన అట్టలు పడతాయి, ఈయనకి అవీ లేవు. నేను కొన్నాళ్లు బియ్యం పోయించుకున్నాను, కొన్నాళ్లు బొంతలు కప్పుకున్నాను, చివరికి అటకెక్కాను. అటక మీద పడుకుని కళ్లు మూసుకుంటే నాలో తిరిగిన రీళ్లన్నీ కలలోకి వచ్చేవి. ఒక కథలో తప్పిపోయిన పిల్ల ఇంకో కథలో దొరికేది. ఒక బొమ్మలో మొదలైన వాన మూడో బొమ్మలో ఆగేది.

మాణిక్యాంబగారి ప్రాణం మాత్రం పెరట్లో ఉండేది. ప్రాణమంటే తమలపాకు తీగ. గోడ పక్కన వెదురుబద్దలు పట్టుకుని నిలువెత్తు ఎక్కిన తీగ. రెండేళ్ల కిందట ఆవిడకి మోకాలు పట్టేసింది, గడప దిగడం మానేసింది. అయినా వీధి ఆవిడ దగ్గరికి వచ్చేది. నోము అయినా, పేరంటమైనా, కొత్త ఇంట్లో పాలు పొంగించడమైనా, ఆకు కావాలంటే మాణిక్యాంబగారి పెరడే. ఆకుకి ఆవిడ పైసా తీసుకునేది కాదు. వచ్చినవాళ్లు అరుగు మీద అరగంట కూర్చోవాలి, పెట్టింది తినాలి, అంతే. జంతికలు వద్దన్నవాళ్లకి అరిసెలు, అరిసెలు వద్దన్నవాళ్లకి రెండూ.

కిందటేడు వానాకాలం ఇల్లు అద్దెకిచ్చినాయన బాత్రూము పడగొట్టించి కొత్తది కట్టించాడు. సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు అన్నీ తెచ్చి తీగ మొదట్లో పోయించాడు. తీగ పాలిపోయింది. పాకడమే పేరులో పెట్టుకున్న తమలపాకు పాకడం మానేసింది. ఉన్న ఆకులు ఎలక చెవుల్లాగా ముడుచుకుపోయాయి. ఉగాది నాటికి వీధి మొత్తం ఆకుల కోసం బజారుకి వెళ్లడం నేర్చుకుంది. అరుగు బోసిపోయింది.

"శ్రావణ శుక్రవారానికి ఆకు లేకపోతే ఇంకీ గుమ్మంలోకి ఎవరొత్తారండీ? నేనా వాళ్ల గుమ్మాలకి ఎళ్లలేను," అని ఒక మధ్యాహ్నం ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. అటక మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను, భీమేశ్వర్రావుగారి చేతిలో స్క్రూడ్రైవరు తిరగడం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న మున్సిపాలిటీ చెత్త బండి తోసుకుంటూ నూకరత్నం వచ్చింది. గేటు దగ్గర నిలబడి బకెట్టు బండిలో గుమ్మరిస్తూ, "ఏటండి ఆపరేటరు గోరూ, తొక్కలన్నీ నా బండిలో పోసేత్తారు, తీగకేమో ఎరువు లేదంటారు! ఈ తొక్కలే ఎర్రలకెయ్యండి. టీ పొడుంలాగ నల్లగా మట్టి చేసి సేతిలో పెడతాయి. శ్రావణానికి ఆకు రాకపోతే నా పేరు మార్చేసుకుంటాను," అంది.

"మార్చి ఏం పెట్టుకుంటావే?" అంది లోపల్నించి మాణిక్యాంబగారు.

"నూకలు పోయినాయని బియ్యంరత్నం పెట్టుకుంటానండి."

భీమేశ్వర్రావుగారు నవ్వలేదు. కానీ నిచ్చెన వేసుకుని అటకెక్కారు. దుమ్ము దులిపి నన్ను దింపారు.

ఆ రోజు నాకు చెవులు కుట్టారు. మేకు, సుత్తి పట్టుకుని ఆయన నా రెండు పక్కలా వరసగా కన్నాలు పెట్టారు. గాలి ఆడితే చాలు కదా, ఎలా పెడితే ఏం? కానీ ఆయన చెయ్యి ఊరుకోలేదు. కన్నానికీ కన్నానికీ మధ్య ఒకే దూరం, ఫిల్ము అంచున పళ్లచక్రం పట్టుకోవడానికి ఉండే కన్నాల వరస ఎలా ఉంటుందో అచ్చం అలాగే. అడుగున నీళ్లు దిగడానికి ఇంకొన్ని. ఒక్కో దెబ్బకీ ఒక్కో వెలుగుచుక్క నా లోపల పడింది. కాసేపటికి నా చీకటి నిండా నక్షత్రాలే. మాణిక్యాంబగారు కుర్చీలో కూర్చుని, "చెవులు కుట్టినప్పుడు తీపి పెట్టాలండి," అని బెల్లం ముక్క తెచ్చి, నాకు నోరు లేదు కనక ఆయన నోట్లో పెట్టింది.

తర్వాత పని ఇలా జరిగింది. లోపల తుప్పు పట్టకుండా గోనెపట్టా పరిచారు. దాని మీద కొబ్బరిపీచు, దాని మీద చింపి, తడిపి, పిండిన పాత పేపర్లు. ఎన్నికల వాగ్దానాలన్నీ అలా మొదటిసారి పనికొచ్చాయి. పైన సగం ఎండిన పేడ. వెనక వరండాలో ఎండ తగలని చోట నాలుగు ఇటుకల మీద నన్ను ఎక్కించి, చీమలు రాకుండా ఒక్కో ఇటుకనీ నీళ్ల పళ్లెంలో నిలబెట్టారు. కాళ్లు కడిగించుకుంటున్న పెళ్లికొడుకులా ఉన్నానని మాణిక్యాంబగారు మురిసిపోయింది. మూడో రోజు నూకరత్నం పక్కూరు ఏడిదలో వాళ్లప్ప గేదెల పాక వెనక తవ్వి, సత్తుగిన్నె నిండా ఎర్రలు తెచ్చింది. నా మీద తడిగోనె కప్పి, మూత వేశారు.

ఆ చీకటి నాకు తెలుసు. లైట్లు ఆరిపోయాక, బొమ్మ పడకముందు, హాల్లో అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టే చీకటి. రీళ్లు కూడా ఇలాగే చుట్టలు చుట్టుకుని నాలో పడుకునేవి. ఇప్పుడు నాలో ఉన్నది నేల క్లాసు. అసలైన నేల క్లాసు. కుర్చీలు అడగరు, ఫ్యాన్లు అడగరు, ఈలలు వెయ్యరు. మన్ను తిన్న పాములాగా ఉన్నావని మనుషులు సోమరిని తిడతారు. మన్ను తిన్న వానపాము చేసేంత పని తిట్టినవాడి వంశంలో ఎవరైనా చేశారేమో కనుక్కోండి.

"ఉప్పు, కారం, పులుపు, నూనె తగలకూడదండి," అని నూకరత్నం గట్టిగా చెప్పింది. "ఎక్కువ కూడా ఎట్టకూడదు. ఉన్నది తిన్నాకే మళ్లీ ఎట్టాలి."

మాణిక్యాంబగారి ముఖం వాడిపోయింది. "ఉప్పూ కారం లేకుండా, అడిగి వడ్డించకుండా... మరింకెందుకే పిలిచినట్టు?"

నేను పెళ్లిళ్ల గురించి చాలా సినిమాలు మోశాను గానీ గోదావరి మర్యాద అంటే ఏమిటో నా ఒంటికి అప్పుడే తెలిసింది. పొద్దున్నే భీమేశ్వర్రావుగారు కొలిచినట్టు గుప్పెడు తొక్కలు వేసి వెళ్లేవారు. ఆయన సందు మలుపు తిరగ్గానే మాణిక్యాంబగారి చేతికర్ర చప్పుడు వినిపించేది. మూత తెరుచుకునేది. "తినండి, మొహమాటపడకండి. ఆయన లేర్లెండి," అంటూ అరటిపండు గుజ్జు, ఉడికిన కంద, పుచ్చకాయ చెక్క. కొద్దిగా పుల్లటి వాసన మొదలైంది. అయినా నా వాళ్లు కష్టపడి నెట్టుకొచ్చారు. తొక్కలో బతుకు అని విసుక్కునేవాళ్లని చూశాను, తొక్కల్లోనే బతుకుందని వీళ్లు రుజువు చేశారు. జ్యేష్ఠమాసం వచ్చేసరికి నా అడుగున అరచేతి మందాన నల్లటి పొడి తయారైంది. వాన పడిన మొదటి రోజు వాసన. భీమేశ్వర్రావుగారు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తీగ వైపు చూశారు. ఆ రోజు ఆయన అన్నం తింటూ రెండు మాటలు మాట్లాడడం వంటింట్లోంచి వినిపించింది.

అప్పుడు కొత్తావకాయ జాడీ తెరిచారు.

మీకు తెలియనిదేముంది? కలిపిన మూడో రోజు జాడీ తిరగగలిపి, పళ్లెంలో అడుగున మిగిలిన పిండిలో వేడన్నం కలిపి ముద్దలు చేస్తారు. ఆ ముద్ద గడప లోపలున్న ప్రతి ప్రాణికీ అందాలి. ఒక్కరికి అందకపోయినా జాడీ బూజు పడుతుందని మాణిక్యాంబగారి నమ్మకం. ఆవిడ ఆయనకి పెట్టింది. మిక్సీ కోసం వచ్చినావిడకి పెట్టింది. గోడ మీది పిల్లికి నెయ్యన్నం పెట్టింది. తర్వాత వరండా వైపు చూసింది. గడప లోపల ఇంకా కొన్ని వందల మంది ఆకలితో ఉన్నారు. రెండు ముద్దలు ఇంతమందికి ఎక్కడ సరిపోతాయని పళ్లెం మొత్తం పట్టుకొచ్చింది. పప్పునూనె, ఆవపిండి, ఉప్పు, కారం, మామిడి పులుపు. నూకరత్నం వద్దన్న నాలుగూ, పైన ఆవఘాటు.

"ఈ ఒక్క పూటేలెండి," అంది.

నేను ఫ్లాపులు చూశాను. కానీ ఇంటర్వెల్ కాకముందే హాలు మొత్తం లేచి బయటకు పోవడం చూడలేదు. ఒక గంటకల్లా నా కన్నాలన్నిట్లోంచీ నేల క్లాసు బయటపడింది. గోడల మీద, ఇటుకల మీద, నీళ్ల పళ్లేల్లో, వరండా గచ్చు మీద. గచ్చు మీదికి చేరినవి ఆ వేడికి అక్కడికక్కడే తాళ్లలా బిగుసుకుపోయాయి. లోపలున్నవి మంటకి మెలికలు తిరుగుతున్నాయి. నేను ఇనుము అరిచినట్టు అరిచాను. వేడికి రేకు చిటపటమందని అనుకుని ఉంటారు.

భీమేశ్వర్రావుగారు వచ్చి చూశారు. మూత తీశారు. ఎర్రటి నూనెలో మెతుకులు కనిపించాయి.

"మాణిక్యం, ఏం చేశావు?"

ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. "నా చేతి ముద్ద తిని ఇబ్బంది పడ్డోళ్లు ఇప్పటిదాకా లేరండి. ఒక్కళ్లు లేరండి," అంటూనే ఏడ్చేసింది.

కబురు పెడితే నూకరత్నం బండి వీధిలోనే వదిలేసి వచ్చింది. చూసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అమ్మా, ఎర్రలకి ఆవకాయేటమ్మా! మళ్లీ తేవడానికి కూడా లేదు. మా అప్ప గేదెల్ని అమ్మేసింది, పెంటకుప్ప పొలానికి తోలేశారు. బతికున్నోటినే ఏరుకోవాలి, గబుక్కున. ఏరాలంటే ఈ జిగుర్లో ఎక్కడని ఏర్తాం?"

భీమేశ్వర్రావుగారు నా వైపే చూస్తున్నారు. మూత తీసిన వైపు, వెలుతురు పడిన చోట, అంత మంటలోనూ ఎర్రలు కిందికి దూరుతున్నాయి. నీడ ఉన్న వైపువి పైకి వస్తున్నాయి. ఆయన మూత కొంచెం జరిపారు. వెలుతురు జరిగింది. దానితోపాటే దూరడమూ జరిగింది.

"లైటు," అన్నారు. "లైటు వేస్తే వాటంతటవే దిగుతాయి."

స్విచ్చి వేస్తే కరెంటు లేదు. ఆయన ఇంట్లోకి వెళ్లి, మాణిక్యాంబగారు బొట్టు పెట్టుకునే నిలువుటద్దం గోడ నుంచి ఊడదీసుకొచ్చారు. ఆవిడని పెరటి ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దం ఒళ్లో పెట్టారు. వరండాకి గోనెలు కట్టి చీకటి చేశారు. ఒక్క గుమ్మం మాత్రం వదిలారు. అడుగున తయారైన నల్లపొడి ముందే గంపలోకి తీసేశారు, ఉప్పు అంత లోతుకి ఇంకా దిగలేదు. మిగిలినదంతా గోనె మీద కుప్పగా పోశారు. నూకరత్నం నన్ను మూడు నీళ్లు కడిగి, కొత్త పేపర్లు, కొత్త పేడ పరిచింది.

అప్పుడు ఎండ అద్దంలో పడి, అద్దంలోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి చీకట్లోకి ఒక పట్టీలాగా వచ్చింది. దుమ్ము రేణువులు అందులో తేలుతూ తిరిగాయి. నేను ఆ వెలుతురుని గుర్తుపట్టాను. ఎన్నో ఏళ్లు నా సరుకంతా ఆ దారినే వెళ్లింది.

"కొంచెం కిందికి... ఎడమకి... ఫోకస్! ఫోకస్!" అని అరిచారు భీమేశ్వర్రావుగారు.

"ఫోకస్సేంటండీ, చెయ్యి లాగేత్తంది ఇక్కడ!"

"ముప్పై ఏళ్లు ఊరంతా నా మీద అరిచారు. ఒక్కసారి నన్నూ అరవనీ."

నూకరత్నం ఈల వేసింది. మూడు వేళ్లు నోట్లో పెట్టుకుని, నేల క్లాసు ఈల.

వెలుతురు పడిన చోట ఎర్రలు దిగిపోతాయి. పైన మిగిలిన ఆవకాయ పొరని ఆయన చేత్తో గీకి పక్కన వేస్తారు. మళ్లీ వెలుతురు, మళ్లీ దిగడం, మళ్లీ గీకడం. తెగిన ఫిల్ము అతికించిన వేళ్లు అవి. ఒక్క ఎర్రనీ తెగనివ్వలేదు. పొద్దు వాలేకొద్దీ ఆవిడ స్టూలు జరుపుకుంటూ అద్దం తిప్పుతూనే ఉంది.

చాలాసేపటికి ఆవిడ అంది. "ఏవండీ, ఆ దుమ్ము చూడండి. హాల్లో కూడా ఇలాగే కనపడేది. నేను బొమ్మ చూసేదాన్ని కాదు. అదెక్కణ్ణించి వత్తందా అని ఎనక్కి తిరిగి ఆ కన్నం వైపే చూసేదాన్ని. ఎనక బెంచీవోళ్లు తిట్టేవోరు."

ఆయన చెయ్యి ఆగింది. "నాకు తెలీదు మాణిక్యం. లోపల్నించి చూత్తే అన్నీ తలకాయలే. అన్నీ అటు తిరిగే ఉండేవి అనుకున్నాను."

"ఒకటి ఇటు తిరిగుండేది," అంది ఆవిడ.

వెలుతురు కొంచెం వణికింది. ఫోకస్ అని ఎవరూ అరవలేదు.

చివరికి కుప్ప అడుగున బతికినవన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఎర్రటి ఉండలాగా మిగిలాయి. సత్తుగిన్నెలో సగం. వాటిని నాలోకి దించారు. ఆవకాయ పెంటంతా నూకరత్నం, "ఇది నా వాటా," అని బండిలో వేసుకుపోయింది. మూత పడింది. రెండు రోజులు నా లోపల ఏ చప్పుడూ లేదు. మూడో రోజు సన్నగా జల్లు మొదలైంది.

గంపలోని నల్లపొడిని తీగ మొదట్లో సిమెంటు పెళ్లలు ఏరి పోశారు. ఆషాఢం వానలు పడ్డాయి. తీగ ఒక కొస ఎత్తి వెదురుబద్దని తడుముకుంది, గుడ్డివాడు గుమ్మం వెతుక్కున్నట్టు. శ్రావణ శుక్రవారం నాటికి ఆకులు వచ్చాయి. కానీ ఒక పళ్లెం అడుగు కప్పేటన్నే. వీధి మొత్తానికి తలకి రెండాకుల తాంబూలం ఎక్కడొస్తుంది? మాణిక్యాంబగారు ఎవర్నీ పిలవలేదు. పళ్లెం పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

ముందు నూకరత్నం వచ్చింది. బండి లేదు, తలంటుకుని పచ్చచీర కట్టుకుంది. అలవాటు కొద్దీ గేటు దగ్గరే నిలబడింది. "లోపలికి రావే," అని మాణిక్యాంబగారు కేకేసి, అరుగు మీద కూర్చోబెట్టి, పాదాలకి పసుపు రాసి, మొదటి ఆకు నూకరత్నం చేతిలో పెట్టింది.

తర్వాత వీధి వచ్చింది. ఆకు కోసం కాదు. "పిన్నిగారూ, మీ ఇంట్లో పాములకి ఆవకాయన్నం పెట్టారంటగా! నెయ్యి వేశారా, వెయ్యలేదా?" అని నవ్వుకుంటూ వచ్చారు. నూకరత్నం చెత్త బండి ఏ వీధికి వెళ్తే కథ ఆ వీధికి వెళ్లింది. ఏ పోస్టరూ, ఏ మైకూ అంత పబ్లిసిటీ చెయ్యలేదని నేను అనుభవం మీద చెప్పగలను. కొందరు సంచుల్లో తొక్కలు తెచ్చారు. మూత తీసి చూపించమన్నారు, చూసి కెవ్వుమన్నారు, మళ్లీ చూపించమన్నారు. అరుగు నిండింది, మెట్లు నిండాయి. హౌస్ ఫుల్ బోర్డు ఒక్కటే తక్కువ.

మాణిక్యాంబగారు తలకి ఒక్క ఆకే ఇచ్చింది. "రెండోది తీగ మీదే ఉంది. అది పెద్దదయ్యాక వచ్చి కోసుకోండి," అంది. ఒంటాకు తాంబూలం ఎక్కడైనా ఉందా అని ఎవరూ అడగలేదు. మళ్లీ రమ్మని చెప్పడానికి ఇంతకంటే తెలివైన దారి నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

మొన్న ఒకాయన కారులో వచ్చాడు. హైవే మీద కొత్త హోటలు పెడుతున్నాడట, పాత సినిమా సామాను గోడలకి తగిలించి లైట్లు వేస్తాడట. నా మీద చెరిగిపోయిన కంపెనీ పేరు చూసి కళ్లు మెరిపించాడు. "దీన్ని అద్దాల బీరువాలో పెడతానండి!" అంటూ మూత ఎత్తాడు. ఆ మూత అతను దించలేదు. అతని చెప్పు ఒకటి ఇప్పటికీ వరండాలోనే ఉంది. గాజు వెనక లైట్ల కింద కూర్చోవడం నాకేం కష్టం కాదు. కానీ నా వాళ్లకి లైటు పడదు.

ఇప్పుడు నేను వరండాలో లేను. అడుగు తుప్పు తినేసింది, పొడి ఆగడం లేదు. భీమేశ్వర్రావుగారు ఇటుకలు తీసేసి నన్ను తీగ మొదట్లో మట్టి మీదే దించారు, పైన కొబ్బరిమట్టల నీడ వేశారు. సాయంత్రాలు ఇద్దరూ నా పక్కనే కుర్చీలు వేసుకుంటున్నారు. ఆయన మాట్లాడుతున్నారు. ఎక్కువ కాదు, రోజుకి ఒక రీలు. నాకు అప్పుడప్పుడు పగలే కలలు వస్తున్నాయి. ఏది నా రేకో, ఏది మట్టో తెలియడం లేదు. నాలో పాకేవి ఎర్రలో, తిరిగేవి ఫిల్ములో తెలియడం లేదు. నా కన్నాల్లోంచి పడే వెలుగుచుక్కలు తీగ ఆకుల మధ్య నుంచి పడే వెలుగుచుక్కలతో కలిసిపోతున్నాయి.

నిన్న ఆయన పొడి తీయడానికి చెయ్యి పెడితే తెల్లటి దారం లాంటిది వేలికి తగిలింది. తమలపాకు వేరు. తుప్పు పట్టిన అడుగులోంచి దారి చేసుకుని, టికెట్ లేకుండా లోపలికి వచ్చి, నేల క్లాసులో కూర్చుంది. ఆయన దాన్ని పక్కకి లాగబోయారు.

"ఉండనియ్యండి," అంది మాణిక్యాంబగారు. "ఇంటికొచ్చినోళ్లని ఎవరైనా లేపేత్తారా?"

ఆయన చెయ్యి తీసేసి, వేరు మీద గుప్పెడు పొడి సర్ది, మెల్లగా నా మూత వేశారు.

లోపల వాన పడుతూనే ఉంది.